వృద్ధకంఠమునకు దూరచికిత్స

వయస్సు మీరిన కొలది మనుష్యునకు కన్ను మందగించును, చెవి మందగించును, మోకాలు మొరాయించును. వీనిలో ప్రతిదానికిని లోకము ఏదో యొక ఉపాయమును కనిపెట్టినది. చూపునకు కళ్లజోడు వచ్చెను; వినికిడికి చెవియంత్రము వచ్చెను; మోకాలికి శస్త్రచికిత్స వచ్చెను. కంఠము మందగించినప్పుడు మాత్రము మనవారు “ముసలితనము గదా!” అని ఊరకొందురు. గొంతు సన్నగిల్లిన తాతగారు క్రమక్రమముగా మాటలు తగ్గించుకొందురు. ఆయన శాంతస్వభావులైనారని ఇంటివారు సంతోషింతురు. నిజమునకు ఆయన శాంతించలేదు. తాను చెప్పినది నలుగురికిని వినబడుట లేదని గ్రహించి, చెప్పుట మానుకొన్నారు.

ఇది చికిత్సకు లొంగని స్థితియేనా? లొంగునట్టిదైనచో, పట్టణమునకు పోలేని వృద్ధులకు ఆ చికిత్స అందుటెట్లు? ఈ రెండు ప్రశ్నలకును గత నూటడెబ్బది సంవత్సరములలో లభించిన సమాధానముల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

కంఠస్వరమును గూర్చి విచారణ చేసిన వారిలో మన పూర్వులు అగ్రగణ్యులు. ఆత్మ బుద్ధితో కూడి మనస్సును ప్రేరేపించుననియు, మనస్సు దేహాగ్నిని తాకుననియు, ఆ అగ్ని వాయువును కదలించుననియు, ఆ వాయువు వక్షఃస్థలమున సంచరించి మంద్రధ్వనిని పుట్టించుననియు పాణినీయ శిక్ష చెప్పుచున్నది. ఊపిరియే స్వరమునకు మూలమన్న సత్యము ఇందు స్పష్టముగా నున్నది. వైద్యశాస్త్రమునకు వచ్చినచో, సుశ్రుత సంహిత ఉత్తరతంత్రములో స్వరభేదమునకు ఒక అధ్యాయమే కలదు. వాత, పిత్త, కఫ, సన్నిపాతములచే గలుగునవి నాలుగు, క్షయముచేతను మేదస్సుచేతను గలుగునవి రెండు, వెరసి ఆరు విధములని సుశ్రుతుడు విభజించెను. అయితే ఆ యధ్యాయముననే ఆయన ఒక కఠోరమైన తీర్పును కూడ నిచ్చెను. క్షీణించినవానికిని, కృశించినవానికిని, వృద్ధునకును కలిగిన స్వరరోగము నయము కాదని ఆ తీర్పు. మన యిండ్లలో నేటికిని వినవచ్చు “ముసలితనము గదా” అను మాటకు ఇంతటి ప్రాచీనత కలదు. ఆ తీర్పు సడలిన విధము తెలిసికొనదగినది.

అందులకు ముందు ఒక సీమను తలచుకొందము. చుండూరు తెనాలి–బాపట్ల రైలుమార్గముపై, కృష్ణానది పశ్చిమ డెల్టాలో, వరిచేల నడుమ నున్న గ్రామము. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. దాని చుట్టునున్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమును కంఠముల సీమ యనుట అతిశయోక్తి కాదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభవారి రంగస్థలముపై సత్యభామయై, చిత్రాంగియై, మధురవాణియై వెలిగి, 1956లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిరి. సుద్దపల్లివారైన కల్యాణం రఘురామయ్యగారి పద్యమునకు ఈలపాట తోడైనది. తెనాలి చెంత మోరంపూడిలో జన్మించిన కొంగర జగ్గయ్యగారు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన పిమ్మట చలనచిత్రసీమలో ఆ కంచుకంఠమునకు శాశ్వత స్థానము సంపాదించిరి. రేపల్లె ప్రాంతమునందలి పల్లపట్లలో 1938లో జన్మించిన ఎస్. జానకిగారి గానమును దక్షిణదేశమంతయు విన్నది.

వీరు ప్రసిద్ధులు. వీరి వెనుక పేరులేని కంఠములు ఊరూర నుండెను. పండుగనాటి నాటకమున మైకు లేకయే చివరి వరుసవారికి పద్యము వినిపించినవారు, రచ్చబండపై భాగవతము చదివినవారు, కాలువగట్టున నిలిచి అవతలి గట్టునున్న కూలీలను కేకవేసి పిలిచినవారు, పెండ్లిలో మంగళహారతి పాడిన ముత్తైదువలు, వీరందరును కంఠమును పనిముట్టుగా వాడినవారే. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన నాటినుండి ఈ సీమలోని కంఠములెన్నియో మైకు ముందునకు వచ్చినవి. మైకు చిత్రమైన వస్తువు. అది గట్టిగా పలుకవలసిన శ్రమను తప్పించును గాని, గొంతులోని లోపమును మాత్రము దాచదు. వాక్యాంతమున చాలని ఊపిరి, పలుకు నడుమ దూరిన గాలి, నిలకడలేని వణకు, ఇవి సభలోకంటె రేడియోలో స్పష్టముగా వినబడును. వృద్ధుని గొంతును ఎరుగుటకు చెవి చాలును. దాని కారణము నెరుగుటకు కన్ను కావలెను.

ఆ కన్ను వైద్యుని వలన గాక ఒక సంగీతాచార్యుని వలన లభించినది. స్పెయిన్ దేశమున 1805లో జన్మించిన మాన్యుయెల్ గార్షియా, శిష్యులకు గానము నేర్పుచు, స్వరము పుట్టుచోటును కన్నులార చూడవలెనని చిరకాలము తపించెను. 1854లో పారిస్ నగరమున నుండగా ఆయనకు ఒక యుక్తి తోచెను. పండ్లవైద్యులు వాడు పొడుగుకాడ అద్దమును గొంతువెనుక నుంచుకొని, చేతియద్దముతో సూర్యకిరణమును దానిపై పడవేసి చూడగా, తన స్వరతంత్రులు తెరచుకొనుచు మూసికొనుచు నుండుట ఆయనకే కనబడెను. మరుసటి సంవత్సరము లండనులోని రాయల్ సొసైటీకి ఈ సంగతిని నివేదించెను. కొలది యేండ్లలోనే టుర్క్, సెర్మాక్ అను వైద్యులు ఆ అద్దమును రోగపరీక్షకు వాడుకలోనికి తెచ్చిరి. గార్షియా నూట ఒక సంవత్సరములు జీవించి 1906లో దివంగతుడయ్యెను. 1905లో ఆయన శతజయంతినాడు కంఠవైద్యులందరు లండనులో చేరి, వైద్యుడుగాని ఆ వృద్ధుని తమ శాస్త్రమునకు పితామహునిగా సత్కరించిరి.

అద్దము చూపినదేమి? స్వరపేటికలో రెండు కండరపు మడతలున్నవి. మాటలాడునప్పుడు అవి దగ్గరకు చేరగా, ఊపిరితిత్తులనుండి వచ్చు గాలి వానిని కంపింపజేయును. పురుషులలో సెకనుకు సుమారు నూరు నూటయిరువది మారులు, స్త్రీలలో సుమారు రెండువందల మారులు అవి కంపించును. వయస్సు మీరినప్పుడు ఆ మడతలలోని కండరము సన్నగిల్లి, అంచులు వింటివలె వంగును. రెంటి నడుమ సందు మిగిలి, గాలి వృథాగా జారిపోవును. మృదులాస్థులు గట్టిపడును, తేమ తగ్గును, ఊపిరితిత్తుల సాగుడు తగ్గును. తత్ఫలితముగా స్వరము పలుచబడి, గాలి కలిసి, త్వరగా అలసిపోవును. విచిత్రమేమనగా, వృద్ధులైన పురుషుల స్వరము కొంత హెచ్చుశ్రుతికి పోవును. స్త్రీల స్వరము తగ్గుశ్రుతికి దిగును. “టెలిఫోనులో అమ్మమ్మను తాతగారనుకొంటిని” అని పిల్లలు నవ్వుటకు ఇదియే కారణము.

ఈ వివరణములో ఒక ఆశ దాగియున్నది. సన్నగిల్లినది కండరమైనచో, వ్యాయామముచే అది కొంతవరకు బలపడవలెను గదా! ఇరువదవ శతాబ్దమున చికిత్స రెండు త్రోవలలో సాగినది. ఒకటి శస్త్రచికిత్స: మడతలోనికి పదార్థమును ఎక్కించి దానిని లావుచేయుట, లేదా జపాను దేశీయుడైన ఇషికి 1974లో వివరించినట్లు స్వరపేటిక చట్రమునే సవరించుట. రెండవది అభ్యాసము. ఫిన్లండు దేశమున సోవియార్వి యను ఆచార్యుడు గాజుగొట్టము కొనను నీటిలో ముంచి, దానిగుండ స్వరము పలికించుచు శిక్షణ నిచ్చెను. నేడు అమెరికాలో టిట్జే మున్నగు శాస్త్రజ్ఞుల కృషి ఫలితముగా, సామాన్యమైన శీతలపానీయపు స్ట్రాతో అదే అభ్యాసము లోకమంతట జరుగుచున్నది. పెదవులయొద్ద మార్గము ఇరుకైనప్పుడు లోపలి గాలియొత్తిడి మడతలకు ఆసరాయై, అవి ఒండొంటిని గట్టిగా కొట్టుకొనకయే కంపించును. జోసెఫ్ స్టెంపుల్ ప్రచారమునకు తెచ్చిన అభ్యాసములలో అచ్చును దీర్ఘముగా నిలుపుట, శ్రుతిని మెల్లగా ఎక్కించుట, మెల్లగా దించుట ముఖ్యములు. వృద్ధకంఠములకే ప్రత్యేకించిన యొక అభ్యాసక్రమము 2014లో అమెరికాలో ప్రకటితమైనది. దానిని పరీక్షించినది కొలదిమందిపైనే యైనను, ఫలితము ఆశాజనకముగా నుండెను. సుశ్రుతుని తీర్పు పూర్తిగా కొట్టివేయబడలేదు. వృద్ధకంఠము యౌవనకంఠము కాజాలదు. కాని “వినబడని స్వరము వినబడునట్లు” చేయుట సాధ్యమని తేలినది.

ఈ సాధ్యతకు గట్టి నిదర్శనము కంపవాతమునుండి వచ్చినది. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వర్ణించిన ఈ వ్యాధిలో చేతులు వణకుటయే గాక, స్వరము గుసగుసగా మారిపోవును. రోగి మాత్రము తాను మామూలుగనే మాటలాడుచున్నానని భావించును. 1987లో లోరేన్ రామిగ్ మొదలైనవారు లీ సిల్వర్‌మన్ అను నామెకొరకు రూపొందించిన అభ్యాసక్రమము ఆమె పేరనే ప్రసిద్ధమైనది. ఆమె మాట తమకు వినబడి అర్థమైన చాలునని కుటుంబమువారు కోరిరి. ఆ క్రమములో నాలుగు వారములపాటు వారమునకు నాలుగు దినములు, దినమునకొక గంట, మొత్తము పదునారు గంటల శిక్షణ. బోధ ఒక్కటే: గట్టిగా పలుకుట. ఇక్కడనే చిక్కు వచ్చినది. వణకు చేతులతో, కదలని కాళ్లతో, నెలలో పదునారు మారులు ఆస్పత్రికి పోగలవారెవరు? చికిత్స యున్నది; దారి లేదు.

ఆ దారి స్వరమునకు చిరపరిచితమైన తీగలోనే దొరకినది. టెలిఫోనును 1876లో కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వృత్తిచేత ఉచ్చారణోపాధ్యాయుడు. ఆయన తండ్రి పలుకును కంటికి కనబడు గుర్తులుగా వ్రాయు పద్ధతిని 1867లో ప్రకటించెను. కుమారుడు బోస్టను నగరమున బధిరులకు మాట నేర్పుచుండెను. మాటను బాగుచేయువాని చేతనే మాటను దూరమునకు పంపు యంత్రము పుట్టినది. సరిగా నూరేండ్లకు, 1976లో, అమెరికాలోని అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హాం పట్టణపు మాజీసైనికుల ఆస్పత్రినుండి, మాటపోయిన రోగులకు టెలిఫోను ద్వారా చికిత్స చేయు విధానమును గూర్చి వార్త ప్రకటితమైనది. 2003లో హొనొలులు సైనికాస్పత్రివారు ఇంకొక అడుగు వేసిరి. స్వరరోగులలో కొందరికి ఎదుట కూర్చుండి, కొందరికి ప్రక్కగదినుండి కెమేరా ద్వారా, ఒకే చికిత్సను చేసి చూచిరి. ఫలితములలో గణనీయమైన భేదము కనబడలేదు. దూరములకు పేరుపడిన ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లండు విశ్వవిద్యాలయమువారు ముప్పదినలుగురు కంపవాత రోగులపై జరిపిన పరీక్షను 2011లో ప్రకటించిరి. ఇంటర్నెట్టు ద్వారా శిక్షణ పొందినవారు ఎదుట కూర్చుండి పొందినవారికి తీసిపోలేదు.

మన దేశమున ఈ శాస్త్రమునకు ఆలవాలము మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. తెలుగుసీమకు చేరువగా, ముంబయి నగరములోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. 1992లో పార్లమెంటు చేసిన పునరావాస మండలి చట్టముతో వాక్‌చికిత్సకులకు కూడ రిజిస్ట్రేషను ఏర్పడినది. దూరవైద్యములో తెలుగుదేశము వెనుకబడియుండలేదు. 2000 సంవత్సరమున చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమున నెలకొన్న దూరవైద్య కేంద్రము దేశమున మొదటివానిలో నొకటి. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వపు ఈ–సంజీవని సేవను ఆరోగ్య కేంద్రములలో మొట్టమొదట ప్రవేశపెట్టినది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 2020 మార్చి 25న దేశమంతట తలుపులు మూతపడిన దినముననే, దూరవైద్యమునకు సంబంధించిన మార్గదర్శక సూత్రములు వెలువడినవి. వృద్ధులు గడప దాటరాదన్న ఆ నెలలలో, చికిత్సయే గడప దాటి లోపలికి రావలసివచ్చినది. అంతకుముందు కొందరు ఉత్సాహవంతుల ప్రయత్నమైన దూర స్వరచికిత్స ఆనాటినుండి అనేక దేశములలో నిత్యకృత్యమైనది.

ఇక దాని మెలకువలు కొన్ని. మామూలు టెలిఫోను తీగ సెకనుకు మూడువందల కంపనములనుండి మూడువేల నాలుగువందల వరకే మోసికొనిపోవును. పురుషుని మూలస్వరము నూరు, నూటయేబది కంపనములు. అనగా అది అవతలికి చేరనే చేరదు. పై అనుస్వరములను విని మన చెవి దానిని ఊహించుకొనును. కావున కేవలము ఫోనులో వినిన స్వరమునుబట్టి రోగనిర్ణయము చేయరాదు. వీడియోలో ఇంకొక చిక్కు కలదు. చుట్టుపట్ల రొదను తగ్గించుటకు అందులో నమర్చిన ఏర్పాటు, వృద్ధుడు “ఆ…” యని దీర్ఘముగా పలికిన అచ్చును ఫంకాచప్పుడుగా భ్రమించి కత్తిరించివేయును. గట్టిపలుకును తగ్గించి, మెల్లనిపలుకును హెచ్చించి, రెంటిని సమముచేయు ఏర్పాటు మరియొకటి. గట్టిగా పలుకుటయే చికిత్సయైన రోగికి ఇది మోసము. అందుచే ఆ ఏర్పాట్లను నిలిపివేసి, మైకును నోటికి ఎల్లప్పుడు ఒకే దూరమున నుంచి, ఫంకాను ఆపి, తలుపు మూసి కూర్చుండవలెను. రేడియో స్టూడియోలో మేము నిత్యము పాటించు నియమములే ఇవి.

మరువరాని హెచ్చరిక యొకటి కలదు. గొంతు బొంగురుపోయి మూడు నాలుగు వారములు గడచినను తగ్గనిచో, అది ముసలితనమని ఎవరును తీర్మానింపరాదు. ముఖ్యముగా చుట్టయో, బీడియో, సిగరెట్టో త్రాగువారి విషయమున కంఠపు క్యాన్సరు శంకనీయము. పక్షవాతము, పుండు, కంతి, ఇవేవియు ఫోనులో కనబడవు. గార్షియా చూపిన మార్గమున ఒకమారు చెవి ముక్కు గొంతు వైద్యునిచే స్వరపేటికను పరీక్షింపించుకొనవలెను. ఆ ఒక్క ప్రయాణము తప్పదు. తక్కిన పదునైదు ప్రయాణములను తప్పించుటయే దూరచికిత్స చేయు మేలు.

చుండూరు వంటి ఊరిలో ఈ మేలు ఎంతటిదో ఊహింపవచ్చును. రైలెక్కిన తెనాలి చేరువే. గుంటూరునకు, విజయవాడకు పోవచ్చును. కాని వారమునకు రెండుమారులు ఎనుబదియేండ్ల వృద్ధురాలిని ఎవరు తీసికొనిపోవుదురు? ఈ సీమలో అనేకుల బిడ్డలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. వృద్ధదంపతులకు వారితోడి బాంధవ్యమంతయు చేతిలోని ఫోనులోనే యున్నది. ఒకరికి గొంతు తగ్గి, రెండవవారికి చెవి తగ్గినచో ఆ యింట సంభాషణమే సాగదు. ఫోనులో తన మాట మనుమనికి వినబడనిచో, “సరే, ఉంటాను నాయనా” అని ఆ అమ్మమ్మ ముగించును. మరల ఫోను వచ్చినప్పుడు ఇంకను తక్కువ మాటలాడును. ఆమె గొంతును హరించుచున్నది వయస్సు మాత్రమే కాదు, వాడుక లేకపోవుట కూడ. వాడని కండరము మరింత క్షీణించుట ప్రకృతిధర్మము. బిడ్డల మాటను మోసికొనివచ్చు ఆ ఫోనే చికిత్సకుని కూడ తేగలదని ఎందరు గుర్తించిరి?

చికిత్సకుడు తెలుగువాడై యుండుట మిక్కిలి ముఖ్యము. స్వరాభ్యాసము మందుబిళ్ల వంటిది కాదు. అది భాషలో జరుగవలసినది. ఈ విషయమున మన భాష అదృష్టవంతురాలు. తెలుగు అజంతభాష, పలుకులలో హెచ్చుభాగము అచ్చుతో ముగియుటచే, ప్రతి పలుకు చివర స్వరమును నిలుపుటకు తావున్నది. పద్యము చదువు మన పద్ధతిలో, పాదాంతమున స్వరమును సాగదీయుట, రాగమున ఎక్కించుట, దించుట సహజముగనే యున్నవి. పాశ్చాత్యులు అక్షరములతో చేయించు అభ్యాసమును మన వృద్ధులు తాము బాల్యమున కంఠస్థము చేసిన పద్యముతో చేయవచ్చును. అర్థము తెలియని శబ్దములను దినమునకు రెండుమారులు వల్లించుమన్నచో తాతగారు మూడవనాడు మానివేయుదురు. తన నాటకపు పద్యమును చదువుమన్నచో మానుమన్నను మానరు. అభ్యాసము నిలుచుటయే సగము చికిత్స.

ఇంటివారు చేయదగినవి స్వల్పములు. వృద్ధులకు తరచుగా నీరు ఇచ్చుట, వారితో మాటలాడునప్పుడు టెలివిజను ఆపుట, ఎదుట కూర్చుండి వినుట, వాక్యమును వారి తరపున తాము పూర్తిచేయక వారినే పూర్తిచేయనిచ్చుట. గొంతు తగ్గినదని తెలిసిననాడు ఒకమారు వైద్యునిచే చూపించి, ఫోను పట్టుకొనుటలో ఇంటిలోని పిన్నవారు సాయపడినచో, తక్కినది అభ్యాసమే నెరవేర్చును.

గార్షియా అద్దముతో మొదలైన ఈ విద్య అరచేతిలోని అద్దపుపలక వరకు వచ్చినది. యంత్రములు మారినవి గాని, ఒక మనిషి పలికినది వేరొక మనిషికి వినబడవలెనను ప్రయోజనము మారలేదు. చుండూరు పంచలో కూర్చున్న వృద్ధులకు చెప్పవలసిన సంగతులు ఇంకను చాల యున్నవి. వినువారికి తీరిక యుండుటయు, చెప్పువారికి గొంతు ఉండుటయు, రెండును సమానముగ అవసరము.